కాళ్ల కింద కేజీ గ్యాస్, థీసిస్‌లో నార్వే డేటా

సంపాదకులకు నమస్కారం.

మీ చదువు పేజీలో పెట్రోలియం కోర్సుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఆయిల్ కంపెనీల ప్యాకేజీలు, రిగ్గుల ఫొటోలు, గల్ఫ్ ఉద్యోగాలు అన్నీ ఉన్నాయి. చివర్లో ఒక్క ముక్క మాత్రం, ఆసక్తి ఉన్నవాళ్లు బోధన, పరిశోధన వైపు కూడా వెళ్లొచ్చు అని వదిలేశారు. ఆ ఒక్క ముక్కలో బతుకుతున్న మనిషిని నేను. గోదావరి జిల్లాల్లో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో రిజర్వాయర్ ఇంజనీరింగ్ చెబుతాను, పీహెచ్‌డీ చేశాను, ఇప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లల చేత చేయిస్తున్నాను. అటు వెళ్లొచ్చు అని రాసినప్పుడు వెళ్తే ఏమవుతుందో కూడా ఎవరో ఒకరు రాయాలి కదా, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, కత్తిరించుకోండి, కానీ డేటా గురించి రాసిన భాగం మాత్రం ఉంచండి.

ముందు ఈ సబ్జెక్టు ఏంటో రెండు మాటలు. భూమి కింద చమురు, గ్యాస్ చెరువులా నిలవ ఉండవు. ఇసుకరాయి గింజల మధ్య కంటికి కనపడని సందుల్లో నీళ్లతో కలిసి, విపరీతమైన ఒత్తిడి కింద ఇరుక్కుని ఉంటాయి. ఆ రాతి పొరనే రిజర్వాయర్ అంటాం. బావి అంటే రెండు మూడు కిలోమీటర్ల లోతుకు దింపిన జానెడు వెడల్పు రంధ్రం, అంతే. ఆ రంధ్రంలో ఒత్తిడి ఎంత ఉంది, ఎంత వేగంగా పడిపోతోంది, గ్యాస్‌తో పాటు నీళ్లు ఎప్పుడు మొదలయ్యాయి అన్నవి చూసి, చుట్టూ కిలోమీటర్ల మేర కింద ఏముందో, అందులో ఎంత పైకి వస్తుందో చెప్పాలి. నాడి పట్టుకుని ఒంట్లో సంగతి చెప్పే వైద్యుడి పనిలాంటిది ఇది. నాడి అందకపోతే ఎంత చదువుకున్న వైద్యుడైనా చేసేదేం లేదు, ఈ మాట గుర్తుపెట్టుకోండి, మిగతా ఉత్తరమంతా దాని గురించే.

ఇక ఈ దారి ఎలా ఉంటుందంటే, బీటెక్ అయ్యాక గేట్ రాసి ధన్‌బాద్‌లోనో మరోచోటో ఎంటెక్, తర్వాత పీహెచ్‌డీ. పరిశోధక విద్యార్థికి ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42,000. అది టైముకి పడుతుందా అని అడక్కండి. నాలుగైదేళ్లకు బయటికొస్తే యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700, కానీ అది ఇచ్చే పోస్టులు ఎన్ని పడుతున్నాయో నిరుద్యోగులనే అడగాలి. ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ ఎంత అంటే అంతే. మన క్లాస్‌మేట్ సర్వీస్ కంపెనీలో చేరి ఇల్లు కట్టుకుని ఉంటాడు, మనం ఎండాకాలం అడ్మిషన్ల కోసం ఇంటర్ పిల్లల ఇళ్ల చుట్టూ తిరుగుతుంటాం. ఇది నిష్ఠూరంగా చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నా.

పైగా మా సీట్లు చమురు ధరతో పాటు పైకీ కిందికీ ఊగుతాయి. 2014 మధ్యలో పీపా 100 డాలర్ల పైన ఉంది, 2016 జనవరికి 30 కిందికి పడింది. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ఫ్యూచర్స్ ధర మైనస్ 37 డాలర్లకు వెళ్లింది, అంటే సరుకు తీసుకుపోతే చాలు ఎదురు డబ్బులిస్తాం అన్న పరిస్థితి. ధర పడ్డ ప్రతిసారీ తల్లిదండ్రులు ఈ బ్రాంచి వైపు చూడటం మానేస్తారు. కెనడాలో కాల్గరీ అంటే చమురు ఊరు, అక్కడి యూనివర్సిటీయే 2021లో ఆయిల్ అండ్ గ్యాస్ ఇంజనీరింగ్ డిగ్రీకి కొత్త అడ్మిషన్లు ఆపేసింది. స్టాన్‌ఫోర్డ్ ఏనాడో డిపార్ట్‌మెంట్ పేరులోంచి పెట్రోలియం అన్న మాట తీసేసింది. ఇక్కడ అంత నాజూకుగా జరగదు, సీట్లు మిగిలితే మమ్మల్ని సీఎస్‌ఈ ఫస్టియర్‌కి ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పుకోమంటారు.

ఇవన్నీ భరించొచ్చు. జీతం తక్కువని తెలిసే వచ్చాం, సబ్జెక్టు మీద ఇష్టంతో వచ్చాం. నన్ను నిజంగా కుంగదీసేది వేరే ఉంది. మా కాలేజీ నుంచి ఏ దిక్కుకు బండి తోలినా గంటలోపు ఏదో ఒక గ్యాస్ బావి కనిపిస్తుంది. ఈ కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ రాళ్ల పొరలకు పెట్టిన పేర్లే మన ఊళ్ల పేర్లు, మండపేట శాండ్‌స్టోన్, రాఘవాపురం షేల్, పాశర్లపూడి ఫార్మేషన్. అంతర్జాతీయ జర్నల్స్‌లో ఈ పేర్లు చూసి మా పిల్లలు మురిసిపోతారు. కానీ ఆ మండపేట ఫీల్డులో ఏ బావి ఏ నెలలో ఎంత ఒత్తిడి చూపించిందో, ఎంత గ్యాస్ ఇచ్చిందో, మండపేటలో పుట్టి ఇక్కడే పీహెచ్‌డీ చేసే కుర్రాడికి తెలుసుకునే దారి లేదు. అతను పనిచేసేది నార్వే డేటా మీద. ల్యాబ్‌లో కోర్ ఫ్లడింగ్ (రాతి ముక్కలోంచి నీళ్లు, చమురు నెట్టి చూసే ప్రయోగం) చేస్తే, అదీ అమెరికాలో ఒహాయో నుంచి తెప్పించిన బెరియా ఇసుకరాయి మీద. ద్వారకా తిరుమల చుట్టుపక్కల తిరుపతి శాండ్‌స్టోన్ నేల మీదే బయటపడి ఉంది, దాన్ని కోసి వాడొచ్చు కదా అంటే, రివ్యూయర్ అడుగుతాడు, బెరియాతో పోల్చి చూశారా అని!

రిలయన్స్ కంపెనీ గ్యాస్ తీసిన కేజీ-డీ6 బ్లాకు సంగతే తీసుకోండి. మన తరం రిజర్వాయర్ ఇంజనీర్లకు ఇంతకంటే పెద్ద పాఠం దేశంలో లేదు. 2002లో కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో గ్యాస్ దొరికింది. 2006 ప్లాన్‌లో రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామన్నారు, తీయగలిగిన గ్యాస్ సుమారు 10 ట్రిలియన్ ఘనపు అడుగులు అన్నారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది, ఏడాదికల్లా 6 కోట్లు దాటింది. ఆ తర్వాత జారుడు మొదలై, 2013-14 నాటికి కోటిన్నర కిందికి వచ్చేసింది. నిల్వల అంచనాను కంపెనీయే మొదటి లెక్కలో మూడో వంతుకు తగ్గించుకుంది. 2020 ఫిబ్రవరిలో ఆ బ్లాకులోని డీ1, డీ3 ఫీల్డులు పూర్తిగా ఆగిపోయాయి. ఆ గ్యాస్‌ను నమ్ముకుని వేమగిరి, సామర్లకోట, కొండపల్లి వైపు కట్టిన కరెంటు ప్లాంట్లు ఏమయ్యాయో మీ పాఠకులకు నేను చెప్పక్కర్లేదు.

ఎందుకలా అయింది? బావులు అనుకున్నన్ని తవ్వలేదని ప్రభుత్వం, కింద రాళ్లు అనుకున్నట్టు లేవు, నీళ్లు తోసుకొచ్చాయి అని కంపెనీ. ఏళ్ల తరబడి పేపర్లలో, పార్లమెంటులో, టీవీ చర్చల్లో ఇదే. ఇది అభిప్రాయాలతో తేలే విషయం కాదు, గ్రాఫ్ పేపర్ మీద మొదలుపెట్టాల్సిన విషయం. మేం మూడో సంవత్సరంలో పీ బై జడ్ ప్లాట్ అని చెబుతాం. గ్యాస్ తీసేకొద్దీ రిజర్వాయర్ ఒత్తిడి తగ్గుతుంది. ఆ ఒత్తిడిని జడ్ అనే అంకెతో భాగించి (గ్యాస్ ఆదర్శ సూత్రం నుంచి ఎంత పక్కకు జరిగిందో చెప్పే అంకె అది), అప్పటిదాకా తీసిన మొత్తం గ్యాస్‌కు ఎదురుగా చుక్కలు పెట్టుకుంటూ పోతాం. గ్యాస్ మూసి ఉన్న గదిలో ఉన్నట్టయితే చుక్కలన్నీ ఒకే సరళరేఖ మీద పడతాయి, ఆ గీతను పొడిగిస్తే అడ్డగీతను ఎక్కడ తాకుతుందో అంత గ్యాస్ మొదట్లో ఉన్నట్టు. కింద నుంచి నీళ్లు తోసుకొస్తుంటే ఒత్తిడి తగ్గడం నెమ్మదిస్తుంది, చుక్కలు పైకి వంగుతాయి, మొదటి కొన్ని చుక్కలు చూసి తొందరపడి గీత గీసినవాడికి లేని గ్యాస్ ఉన్నట్టు కనిపిస్తుంది. అదే ఒక పెద్ద ఫీల్డు అనుకున్నది నిజానికి సన్న సన్న పాయలుగా, ఒకదానితో ఒకటి సరిగా కలవకుండా ఉంటే, ఒక్కో బావి తన చుట్టూ ఉన్నది తాగేసి చతికిలబడుతుంది, అప్పుడు ఇంకొన్ని బావులు తవ్వితే గ్యాస్ పెరుగుతుందా లేదా అన్నది ఆ పాయల మధ్య దారులు ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రభుత్వం మాటకీ కంపెనీ మాటకీ మధ్య తేడా అంతా ఈ ఒక్క పేరాలో ఉంది. బావి వారీగా ఒత్తిడి, గ్యాస్, నీళ్ల లెక్కలు చేతికిస్తే మా ఫైనలియర్ పిల్లలు కూడా కనీసం సరైన ప్రశ్నలు వేయగలరు. ఆ లెక్కలు లేవు కాబట్టి నేను పీ బై జడ్‌ను పాఠ్యపుస్తకంలోని పేరూ ఊరూ లేని లెక్కతో చెబుతాను. క్లాసులో గాడిమొగ పక్క ఊళ్ల పిల్లలు ఉంటారు, ఆ గ్యాస్ ఒడ్డుకు చేరింది వాళ్ల ఊరి పక్కనే.

ఓఎన్‌జీసీ, రిలయన్స్ బ్లాకుల మధ్య గ్యాస్ వలస గొడవ కూడా ఇలాంటిదే. పక్కపక్క బ్లాకులు, కింద రాయి కలిసి ఉందా లేదా, ఉంటే ఎంత గ్యాస్ ఓఎన్‌జీసీ వైపు నుంచి రిలయన్స్ వైపు వచ్చింది అన్నది ప్రశ్న. డాలస్ నుంచి డీగాలియర్ అండ్ మెక్‌నాటన్ అనే కన్సల్టెంట్లను పిలిపించారు. కలిసే ఉంది, సుమారు 11 బిలియన్ ఘనపు మీటర్లు వచ్చింది అని వాళ్లు 2015లో చెప్పారు. దాని మీద ఆర్బిట్రేషన్ 2018లో ఒకలా తేల్చింది, ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2025లో ఇంకోలా తేల్చింది. న్యాయం ఎటుందో నేను చెప్పడం లేదు, అది నా పని కాదు. నా బాధల్లా, ఇంత పెద్ద తగాదాలో రెండు పక్షాలకూ సంబంధం లేని మూడో గొంతుగా మాట్లాడటానికి ఈ బేసిన్‌ను క్షుణ్ణంగా ఎరిగిన యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒక్కరు మన దగ్గర తయారై ఉండాల్సింది కదా అని. డేటా ఇవ్వకుండా అలాంటి మనిషి ఎలా తయారవుతాడు?

మా సబ్జెక్టు చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. పునాది సమీకరణాలు రాసినవాళ్లలో చాలామంది ప్రొఫెసర్లు కారు. 1936లో మెటీరియల్ బ్యాలెన్స్ (తీసినదాన్నీ, ఒత్తిడినీ బట్టి కింద ఎంత ఉందో కట్టే లెక్క) రాసిన షిల్తుయిస్, 1942లో నీరు చమురును ఎలా నెట్టుకుపోతుందో రాసిన బక్లీ, లెవరెట్, వీళ్లంతా టెక్సస్‌లో హంబుల్ ఆయిల్ కంపెనీ మనుషులు. ఫీల్డు లెక్కలు టేబుల్ మీద ఉన్నాయి కాబట్టి రాయగలిగారు. బావి ఒత్తిడి పరీక్షల్లో (వెల్ టెస్టింగ్) పెద్ద పేరున్న హెన్రీ రేమీ కూడా కంపెనీలో చేసి తర్వాత స్టాన్‌ఫోర్డ్‌కు వచ్చినవాడే.

మరి నార్వే వాళ్లేం చేశారు? నార్త్ సీలో వోల్వ్ అని చిన్న ఫీల్డు. 2008 నుంచి 2016 దాకా నడిచింది, ఉన్న చమురులో 54 శాతం దాకా తీశారు, మూసేశారు. 2018లో ఈక్వినార్ కంపెనీ ఆ ఫీల్డు డేటా, సీస్మిక్ (భూమిలోకి ప్రకంపనలు పంపి కింది పొరలను చూసే సర్వే) నుంచి రోజువారీ ఉత్పత్తి, కంప్యూటర్ సిమ్యులేషన్ మోడల్ దాకా, దాదాపు 40,000 ఫైళ్లు నెట్‌లో పెట్టేసి ఎవరైనా వాడుకోండి అంది. అంతకు ముందే నోర్న్ అనే ఫీల్డు మోడల్‌ను అక్కడి యూనివర్సిటీ ద్వారా పరిశోధకులకు ఇచ్చారు. ఆ పుణ్యంతోనే ప్రపంచంలో ఎక్కడెక్కడి పిల్లలో పీహెచ్‌డీలు చేసుకుంటున్నారు, నా దగ్గరి పిల్లలు కూడా. నెదర్లాండ్స్‌లో అయితే బావి తవ్విన 5 ఏళ్లకు ఆ వివరాలు చట్టప్రకారమే అందరికీ తెరుచుకుంటాయి. ఆ దేశాలేమీ దివాలా తీయలేదు.

మనకు చమురు, గ్యాస్ డేటా దాచే ప్రభుత్వ నేషనల్ డేటా రిపాజిటరీ లేదా అని ఎవరైనా అడుగుతారు. ఉంది, 2017లో మొదలైంది, మంచి పనే. కానీ దాని ముఖ్య ఉద్దేశం కొత్త బ్లాకులకు బిడ్లు వేసేవాళ్లకు సీస్మిక్, వెల్ లాగ్స్ (బావిలోకి పరికరాలు దింపి తీసిన కొలతలు) చూపించడం. నాకు కావలసింది తవ్వకముందు సంగతి కాదు, తవ్విన తర్వాత ఇరవై ఏళ్లు ఏం జరిగిందన్నది, అదీ మోడల్‌తో సహా.

కొన్నేళ్ల కిందట ఒక సంస్థకు రాశాను, మూసేసిన పాత బావుల ఒత్తిడి రికార్డులు ఇవ్వండి, ఊరు పేరు తీసేసి ఇచ్చినా పర్లేదు, లొకేషన్ తీసేసి ఇచ్చినా పర్లేదు అని. చాన్నాళ్లు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఫారం పంపారు. ఫారం నింపి పంపితే ఎంఓయూ కావాలన్నారు. ఎంఓయూ అడిగితే మీ కాలేజీ ఆ కేటగిరీలో రాదన్నారు. ఆ లోపు నా స్టూడెంట్‌కు సబ్మిషన్ టెన్షన్ మొదలైంది, నోర్న్ మీద చేసి థీసిస్ ముగించేశాడు. వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగిన మొదటి ప్రశ్న, ఇది మన కేజీ బేసిన్‌కు ఎలా పనికొస్తుంది బాబూ అని.

ఇది మా నలుగురు మేష్టర్ల గోల అనుకోకండి. కోనసీమలో గ్యాస్ తీయడం వల్ల నేల కుంగుతోందని, ఉప్పునీళ్లు చేలలోకి వస్తున్నాయని రైతులు ఎన్నాళ్లనుంచో అంటున్నారు, కంపెనీలు కాదంటున్నాయి. ఇది లెక్క కట్టగలిగిన విషయమే. గ్యాస్ తీస్తే ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే పైనున్న రాళ్ల బరువు కింది ఇసుకరాయిని నొక్కుతుంది. ఎంత నొక్కుతుందన్నది పొర మందం, ఒత్తిడి తగ్గిన మోతాదు, ఆ రాయి ఎంత మెత్తన అన్నవాటి మీద ఉంటుంది, అందులో నేల పైకి ఎంత తెలుస్తుందన్నది ఫీల్డు వెడల్పుకూ లోతుకూ ఉన్న నిష్పత్తి మీద ఉంటుంది. కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్ దగ్గర విల్మింగ్టన్ ఫీల్డు మీద నేల దాదాపు 9 మీటర్లు కుంగింది, కిందికి నీళ్లు ఎక్కించి ఆపారు. నార్త్ సీలో ఎకోఫిస్క్ దగ్గర సముద్రపు అడుగు కుంగిపోతే 1987లో ప్లాట్‌ఫారాలనే 6 మీటర్లు పైకి లేపారు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ గ్యాస్ వల్ల భూకంపాలొచ్చి చివరికి ఫీల్డే మూసేశారు. మన దగ్గర అలా అవుతోందని నేననడం లేదు. మన డెల్టాకు వేరే కారణాలు కూడా ఉన్నాయి, ఆనకట్టల వల్ల ఒండ్రు రావడం తగ్గింది, కొత్త మట్టి తనంతట తనే అణుగుతుంది, చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉప్పు సంగతి మార్చేశాయి. ఏది ఎంత అని విడదీసి చెప్పాలి. అందుకు ఒత్తిడి రికార్డు కావాలి. అది లేక ఊళ్లో మీటింగుకు పిలిస్తే నేను వెళ్లి విల్మింగ్టన్ కథ చెప్పి వస్తాను, వాళ్లు మర్యాదగా విని టీ ఇచ్చి పంపుతారు.

కోర్టులో ఉన్న విషయాల డేటా ఇప్పుడు ఇవ్వలేమంటే అర్థం చేసుకుంటా. దేశ భద్రత అంటారు, సముద్రంలో నడుస్తున్న ఫీల్డుల విషయంలో అదీ సరే. కానీ ఎప్పుడో ఖాళీ అయి, సిమెంటు వేసి మూసేసిన నేల మీది బావుల్లో భద్రత ఏముంది? అలాంటి ఒక్క ఫీల్డు, చిన్నదైనా సరే, పుట్టుక నుంచి మూత దాకా లెక్కలన్నీ కట్టగట్టి విశాఖ ఐఐపీఈ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీ) చేతికివ్వండి. విభజన చట్టంలో హామీగా వచ్చి, 2016లో మొదలైన సంస్థ అది, జాతీయ ప్రాధాన్య సంస్థ హోదా ఉంది, అక్కడి నుంచి కాకినాడ జేఎన్‌టీయూకి, మాలాంటి మామూలు కాలేజీలకు కూడా లాగిన్ ఇప్పిస్తే చాలు. డబ్బు పెద్దగా అవ్వదు. పని చేసేది ఎలాగూ జీతం తక్కువ తీసుకునే మేమే.

చమురు అయిపోతోంది కదా, ఇంకా దేనికి అనేవాళ్లకు ఒక మాట. నార్వే 1996 నుంచి స్లీప్నర్ దగ్గర గ్యాస్‌లోంచి వేరుచేసిన కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రం కింది ఇసుకరాయిలోకి ఎక్కిస్తోంది, మొదటి ఏళ్లలో ఏడాదికి సుమారు పది లక్షల టన్నుల లెక్కన. అది పైకి రాకుండా కిందే ఉంటుందని హామీ ఇచ్చేది రాళ్ల సందుల్లో ప్రవాహాన్ని కట్టే ఇవే డార్సీ లెక్కలు, ఇదే సబ్జెక్టు, గీత తిరగేసి గీస్తాం అంతే. రేపు మన ఖాళీ ఫీల్డుల్లోకి విశాఖ ఫ్యాక్టరీల కార్బన్ ఎక్కిద్దామని ఎవరైనా ప్లాన్ తెస్తే, వాళ్లు మొదట అడిగేది కూడా ఆ పాత ఒత్తిడి రికార్డులే.

చివరగా, ఈ దారిలోకి రావాలనుకునే పిల్లలకు. రావొద్దని చెప్పను. గణితం, భూగర్భశాస్త్రం, కోడింగ్ మూడూ ఇష్టమైతే ఇంతకంటే మంచి సబ్జెక్టు దొరకదు. పీహెచ్‌డీకి చేరే ముందు గైడ్‌ను ర్యాంకింగ్, పేపర్ల సంఖ్య తర్వాత అడగండి, ముందు మొహమాటపడకుండా, సార్, నేను ఏ ఫీల్డు డేటా మీద పనిచేస్తాను, అది ఇప్పటికే మీ చేతిలో ఉందా, రాబోతోందా అని అడగండి. రాబోతోంది అంటే ఎవరి సంతకం కోసం ఆగి ఉందో కూడా అడగండి.

ఇట్లు,
ఒక రిజర్వాయర్ ఇంజనీరింగ్ అధ్యాపకుడు,
తూర్పు గోదావరి జిల్లా